ఎర్టిగాకు ఆండ్రాయిడ్ స్టీరియో: రేడియో వినే కుటుంబాల కోసం కిట్, ఫిట్టింగ్ రివ్యూ

ఆడియో లేని ఎర్టిగా కొన్న కుటుంబం షోరూం గడప దాటాక ఆగే మొదటి చోటు కార్ డెకార్ షాపు. నెల్లూరులో మినీ బైపాస్ అయినా, ఒంగోలులో కర్నూలు రోడ్డు అయినా కౌంటర్ మీద పెట్టే కిట్ దాదాపు ఒకటే: 9 అంగుళాల ఆండ్రాయిడ్ సెట్, బండికి సరిపడే ఫ్రేమ్, బండి వైర్లకు సెట్టును కలిపే కప్లర్, రివర్స్ కెమెరా, చిన్న జీపీఎస్ యాంటెన్నా. డబ్బా మీద పేరు మారుతుంది గానీ లోపలి బోర్డు ఇంచుమించు ఒకే రకం. 2 జీబీ ర్యామ్, 32 జీబీ స్టోరేజీ ఉన్న ఆ కిట్‌కీ, దాన్ని బిగించే పనికీ ఈ రివ్యూ. నెల్లూరు నుంచి ఒంగోలు దాకా సుమారు 120 కిలోమీటర్లు ఇంటిల్లిపాదీ కూర్చున్న బండిలో రేడియో నికరంగా వినపడుతుందా లేదా అన్నదే ఇక్కడ కొలత.

మార్కులు ముందే చెప్పేస్తాం. స్క్రీనుకు 5కి 4. పెన్‌డ్రైవ్ పాటలకు, బ్లూటూత్‌కు మూడున్నర. మీడియం వేవ్‌కు సున్నా. ఎఫ్ఎంకు సరిగ్గా బిగిస్తే 3, బిగించకపోతే 1. ఎఫ్ఎం దగ్గర ఆ రెండు మార్కుల తేడా అంతా యాంటెన్నాకు కరెంటు పంపే ఒక నీలం వైరులోనూ, వైరును బండి ఇనుప ఒంటికి కలిపే ఒక ఎర్త్ బోల్టులోనూ ఉంటుంది. స్క్రీను ఎంత తళతళలాడినా ఆ రెండూ కుదరకపోతే నెల్లూరు పక్కనే ఉన్న కోవూరు దాటగానే బుస్సుమనే చప్పుడే మిగులుతుంది.

షాపుల్లో పదేపదే వినపడే ప్రశ్న ఒకటుంది: దీంట్లో శాటిలైట్ రేడియో వస్తుందా? రాదు. ఏ సెట్టు కొన్నా రాదు. మన దేశంలో ఇంటింటికీ చందా మీద శాటిలైట్ రేడియో ఇచ్చిన వరల్డ్‌స్పేస్ 2009 డిసెంబరు 31తో ఆగిపోయింది. అందులో తెలుగు పాటల ఛానెల్ పేరు స్పందన. దాన్ని విన్నవాళ్ళు ఇప్పటికీ తలుచుకుంటారు, తలుచుకోదగ్గదే. కానీ అది బండి కోసం తయారైన ఏర్పాటు కాదు. ఏషియాస్టార్ ఉపగ్రహం 105 డిగ్రీల తూర్పు రేఖాంశం పైన ఉండేది. నెల్లూరు నుంచి చూస్తే ఆగ్నేయం కాస్త దాటి తూర్పు వైపుకు, నేల నుంచి సుమారు 57 డిగ్రీల ఎత్తులో. అరచేతి పలక లాంటి యాంటెన్నాను కిటికీలో అటు తిప్పి పెడితేనే వినపడేది. చెట్టు అడ్డమొచ్చినా సిగ్నల్ పోయేది. మలుపులు తిరిగే బండిలో అలా తిప్పి పెట్టడం కుదరదు, అడ్డం వచ్చిన చోట నేల మీద నుంచి సిగ్నల్ అందించే రిపీటర్లు ఇక్కడ లేవు.

అమెరికాలో ఉన్నది సిరియస్ ఎక్స్ఎమ్. సిరియస్, ఎక్స్ఎమ్ అనే రెండు కంపెనీలు 2008లో కలిసి ఒకటయ్యాయి. వాళ్ళ ఉపగ్రహాలు ఉత్తర అమెరికా వైపే, 2.3 గిగాహెర్ట్జ్ దగ్గర ప్రసారం చేస్తాయి. అక్కడ దాన్ని బండిలో పెట్టడం తేలిక: సెట్టు వెనక ప్రత్యేక పోర్టులో ఎస్ఎక్స్‌వీ300 లాంటి ట్యూనర్ డబ్బా, కప్పు మీద అయస్కాంతంతో అతుక్కునే అంగుళంన్నర యాంటెన్నా, దాని వైరు డోరు రబ్బరు కింద నుంచి లోపలికి. ఆకాశం కనపడేలా బయట నిలబెట్టి, 0వ ఛానెల్‌లో కనిపించే రేడియో ఐడీ చెప్పి చందా కడితే మొదలవుతుంది. పిల్లలు డాలస్ నుంచో న్యూజెర్సీ నుంచో ప్రేమగా ఆ సెట్టు తెచ్చిచ్చినా కావలిలో ఆ ట్యూనర్‌కు అందే సిగ్నల్ ఏమీ ఉండదు. ట్యూనర్ డబ్బా పక్కన పెట్టేసి, సెట్టును మామూలు స్టీరియోగా వాడుకోవచ్చు.

అలా వాడేటప్పుడు ఒక చిక్కు వస్తుంది, మంచి మెకానిక్‌లు కూడా దీని దగ్గర తడబడతారు. అమెరికా సెట్టు ఎఫ్ఎంను 0.2 చొప్పున జరుపుతుంది: 88.1, 88.3, 88.5 ఇలా. చివర సరి అంకె ఉన్న స్టేషన్ దగ్గర అది నిలవదు, పక్క నుంచి పట్టుకుని గరగరమంటుంది. మీడియం వేవ్‌లో అక్కడ అడుగు 10 కిలోహెర్ట్జ్, మనకు 9. విజయవాడ ఆకాశవాణి 837 మీద ఉంది. 10 చొప్పున జరిగే సెట్టు 830 చూపిస్తుంది, 840 చూపిస్తుంది, 837ను మాత్రం చూపించదు. సెట్టు పాడైందని తిప్పి పంపకండి. సెట్టింగ్స్‌లో రేడియో రీజియన్‌ను ఆసియాకో యూరప్‌కో మార్చితే చాలు. చైనా ఆండ్రాయిడ్ సెట్లలోనూ ఇదే సెట్టింగ్ ఫ్యాక్టరీ మెనూలో దాగి ఉంటుంది, దానికి పాస్‌వర్డు అడుగుతుంది. కొన్న రోజే ఆ పాస్‌వర్డు బిల్లు వెనక రాయించుకోండి. జపాన్ నుంచి వచ్చిన పాత సెట్లకు మాత్రం ఈ వైద్యం పనిచేయదు. అక్కడి ఎఫ్ఎం 76 దగ్గర మొదలవుతుంది, పాత సెట్లు 90 దగ్గరే ఆగిపోతాయి. చౌకగా వచ్చిందని తీసుకోవద్దు.

ఇక అసలు విషయం, యాంటెన్నా.

నెల్లూరు ఆకాశవాణి ఎఫ్ఎం 2022 నుంచి 10 కిలోవాట్ల ట్రాన్స్‌మీటర్‌తో, 100 మీటర్ల టవర్ మీద నుంచి నడుస్తోంది. ఊళ్ళో ఆ సిగ్నల్ ఎంత బలంగా ఉంటుందంటే సెట్టు వెనక యాంటెన్నా పిన్ను పెట్టకపోయినా పాట ఖంగుమంటుంది. షాపు ముందు రేడియో పెట్టి చూపించి "చూడండి సార్ ఎంత క్లియరో" అంటే అది పరీక్ష కిందకు రాదు. 100 మీటర్ల టవరుకూ బండి కప్పు ఎత్తుకూ మధ్య నేరుగా చూపు ఆనే దూరం లెక్క వేస్తే సుమారు 45 కిలోమీటర్లు. ఆ తర్వాత సిగ్నల్ ఒక్కసారిగా తెగదు గానీ పలచబడుతుంది. కావలి ఆ అంచు కాస్త దాటాక ఉంది. మంచి యాంటెన్నాకూ చచ్చిన యాంటెన్నాకూ తేడా బయటపడేది అక్కడే. పడమటి వైపు, పొదిలి, కనిగిరి దాటి మార్కాపురం, గిద్దలూరు వెళ్ళేవాళ్ళకు ఇది ఇంకా ముఖ్యం. మార్కాపురంలో ఆకాశవాణి కేంద్రం ఉంది గానీ రెండు స్టేషన్ల మధ్య పలచని పట్టీ పొడవుగా ఉంటుంది, నల్లమల మలుపుల్లో కొండ అడ్డం వస్తే ఎవరి సెట్టయినా మూగబోతుంది.

100 మెగాహెర్ట్జ్ దగ్గర అల పొడవు 3 మీటర్లు. దానికి సహజంగా సరిపడే కడ్డీ అందులో నాలుగో వంతు, అంటే 75 సెంటీమీటర్లు. ఇప్పటి బండ్ల కప్పు మీద కనిపించేది జానెడు కూడా ఉండదు. పొడవులో తగ్గినదాన్ని పూడ్చడానికి చాలా బండ్లలో యాంటెన్నా అడుగున చిన్న ఆంప్లిఫయర్ పెడతారు, దానికి 12 వోల్టులు అందాలి. కంపెనీ సెట్టు ఆ కరెంటును తానే పంపుతుంది. బయట కొన్న సెట్టులో దానికోసమే నీలం వైరు ఉంటుంది, మీద "యాంట్" అని రాసి ఉంటుంది. సగం ఫిట్టింగుల్లో ఆ వైరు కొసకు టేపు చుట్టి లోపలికి తోసేస్తారు. స్పీకర్లు మోగాయి, స్క్రీను వెలిగింది, ఇంకేం కావాలి అనుకుంటారు. ఆంప్లిఫయర్‌కు కరెంటు అందకపోతే అది సిగ్నల్‌ను పెంచకపోగా అడ్డుపడుతుంది.

కనిపెట్టడం సులువు. రేడియో పెట్టి మల్టీమీటర్ నల్ల కొసను ఎర్త్‌కు, ఎర్ర కొసను నీలం వైరుకు ఆనిస్తే 12 వోల్టులు చూపించాలి. రేడియో ఆపితే పోవాలి. మీటర్ లేదా? నెల్లూరు స్టేషన్ వదిలేసి, ఎక్కడో సన్నగా వినపడే దూరపు స్టేషన్ ఒకటి పట్టండి. సెట్టు వెనక యాంటెన్నా పిన్ను పీకమనండి. పీకినా పెట్టినా చప్పుడులో తేడా లేకపోతే యాంటెన్నా బతికి లేనట్టే. ఫ్రేమ్ మూయకముందే ఈ రెండు నిమిషాల పని చేయించుకోవాలి, మూశాక ఎవరూ మళ్ళీ విప్పరు. కొన్ని బండ్లలో ఆ కరెంటు వేరే వైరు మీద కాకుండా యాంటెన్నా కేబుల్ నడి తీగలోంచే వెళ్ళాలి. దానికి నీలం తోక ఉన్న అడాప్టర్ వేరే దొరుకుతుంది, కిట్‌లో రాదు. పిన్ను లావు సరిపోక బలవంతంగా తోసి, కదిలిపోకుండా టేపు చుట్టిన పని కనిపిస్తే అక్కడే ఆపి అడాప్టర్ అడగండి. గతుకుల్లో ఊగే పిన్ను రేడియోను గంటలో వందసార్లు తెంపుతుంది.

కప్పు మీద అంటించే షార్క్ ఫిన్ల (సొరచేప రెక్క ఆకారపు యాంటెన్నాల) గురించి ఒక మాట. చాలావరకు అవి ఉత్త ప్లాస్టిక్ టోపీలు. లోపల తీగ ఏమీ ఉండదు. కంపెనీ కడ్డీని విప్పేసి దాని మీద టోపీ బోర్లిస్తే ఉన్న రేడియో కూడా పోతుంది. వాటర్ సర్వీసింగ్‌కు ఇచ్చినప్పుడు కడ్డీ విప్పి మళ్ళీ పెట్టడం మర్చిపోవడం కూడా తరచూ జరిగేదే, బండి తీసుకునేటప్పుడు కప్పు మీదకు ఒక చూపు చూడండి. యాంటెన్నా లేని మోడల్‌కు కప్పు కోసి పెడతామంటే ఈ కోస్తాలో ఒప్పుకోవద్దు. మైపాడు, కొత్తపట్నం, రామాయపట్నం గాలికి కోసిన అంచు పెయింట్ కింద నుంచే తుప్పు పట్టి, రెండో వానాకాలానికి సీలింగ్ గుడ్డ మీద మరక తేలుతుంది. ముందు అద్దం లోపల అంటించే, ఆంప్లిఫయర్ ఉన్న యాంటెన్నా మేలు. దాని చిన్న ఎర్త్ రేకు అద్దం పక్క ఇనుప అంచుకు తగలాలి, ప్లాస్టిక్ మీద అంటిస్తే పనిచేయదు.

యాంటెన్నా అంతా బాగున్నా స్టేషన్లు రెండే దొరుకుతుంటే రేడియో తెర మీద ఎల్ఓసీ అనే బటన్ చూడండి. అది ఆన్‌లో ఉంటే దగ్గరి బలమైన స్టేషన్లనే వెతుకుతుంది. డీఎక్స్‌కు మార్చితే దూరపువి వస్తాయి. ఏఎఫ్, టీఏ అనే బటన్లు రెండూ ఆపేయండి, అవి ఆన్‌లో ఉన్న సెట్లు పాట మధ్యలో వేరే స్టేషన్ వెతుక్కుంటూ మూగబోతాయి. సిగ్నల్ పలచగా ఉన్న చోట స్టీరియో ఆపి మోనో పెడితే బుస్సు సగానికి పైగా తగ్గుతుంది. మాటల కార్యక్రమానికి, వార్తలకు మోనోయే హాయి.

రేడియోలో చప్పుడు అన్నిసార్లూ ఒకటి కాదు, చెవితోనే జబ్బు చెప్పొచ్చు. ఇంజన్ ఆపినా ఒకేలా బుస్సుమంటే యాంటెన్నా. ఎక్స్‌లరేటర్ తొక్కేకొద్దీ సన్నని ఈల పైకి లేస్తుంటే ఎర్త్. డ్యాష్‌క్యామ్ చార్జర్ పెట్టగానే మొదలై పీకగానే ఆగితే ఆ చార్జర్. ఈ చివరిదానికి మందు చౌక: చార్జర్ వైరుకు, చార్జర్‌కు దగ్గరగా ఫెరైట్ క్లిప్పు (వైరులోని చప్పుడును ఆపే నల్లని బిళ్ళ) ఒకటి, వీలైతే వైరును రెండు మూడు చుట్లు చుట్టి. అయినా తగ్గకపోతే చార్జర్ మార్చాలి, వైరును యాంటెన్నా కేబుల్ పోయే వైపు కాకుండా ముందు అద్దానికి అవతలి పక్క స్తంభం మీదుగా తీసుకోవాలి.

ఎర్త్ ఎలా పట్టుకోవాలో కాస్త దగ్గరగా చూడండి. సెట్టు నల్ల వైరు కప్లర్ ద్వారా కంపెనీ ఎర్త్‌కు వెళ్తుంది, ఒక్క సెట్టుకు అది చాలు. సీటు కింద స్పీకర్ల కోసం ఆంప్లిఫయరో, అడుగు శబ్దం కోసం సబ్‌ఊఫరో పెడితే దానికి వేరే ఎర్త్ కావాలి. సీటు పట్టా బోల్టు పక్కన నేల రేకు మీద రూపాయి బిళ్ళంత మేర ఉప్పుకాగితంతో గీకాలి. పెయింట్ పోయి, కింద ప్రైమర్ కూడా పోయి, తెల్లని లోహం మెరవాలి. వైరు కొసకు నొక్కి బిగించిన (క్రింప్ చేసిన) రింగు టెర్మినల్ దాని మీద పెట్టి, నక్షత్రపు వాషర్ వేసి బిగించాలి. వైరు అర మీటరు మించకూడదు. బిగించాక మీద వేజలీన్ పూయాలి, ఉప్పుగాలికి ఆ మెరుపు ఆరు నెలల్లో ఆకుపచ్చగానో ఎర్రగానో మారకుండా. పెయింట్ మీదే స్క్రూ బిగిస్తే ఆ రోజుకు పనిచేస్తుంది, ఎందుకంటే స్క్రూ మరలు కొంచెం లోహాన్ని తాకుతాయి. వాన తగిలాక ఈల మొదలవుతుంది. ఆంప్లిఫయర్ కరెంటు వైరు ఒక పక్క నుంచి, సెట్టు నుంచి దానికి పాటను మోసే ఆర్‌సీఏ వైర్లు రెండో పక్క నుంచి రావాలి. రెండూ ఒకే గొట్టంలో దూరిస్తే ఎర్త్ ఎంత బాగున్నా ఈల పోదు.

బ్యాటరీ విషయంలో రివ్యూ కఠినంగానే ఉంటుంది. పసుపు వైరు నేరుగా బ్యాటరీకి, సెట్టు జ్ఞాపకం నిలుపుకోవడానికి. ఎరుపు వైరు తాళం తిప్పితే కరెంటొచ్చే ఏసీసీకి. కప్లర్‌లో ఏసీసీ దొరక్కపోతే రెండూ కలిపి మెలేసే పని కొన్ని షాపుల్లో ఇంకా నడుస్తోంది. అప్పుడు సెట్టు ఎప్పటికీ నిద్రపోదు. 300 మిల్లీ ఆంపియర్లు లాగుతుంటే రోజుకు 7.2 ఆంపియర్ అవర్లు, మూడు రోజులకు 21కి పైన. 35 ఆంపియర్ అవర్ బ్యాటరీలో అది సగానికి మించిపోయింది. పెళ్ళికని రైలెక్కి వెళ్ళి నాలుగో రోజు వచ్చి చూస్తే సెల్ఫ్ తిరగదు, నింద బ్యాటరీ మీద పడుతుంది. పరీక్ష ఇది: తాళం తీసి, డోర్లు మూసి అరగంట ఆగాక, బ్యాటరీ నెగటివ్ వైరు తీసి మధ్యలో మల్టీమీటర్‌ను 10 ఆంపియర్ల స్థానంలో పెట్టాలి. వైరు తీసిన కుదుపుకు బండిలో కొన్ని వస్తువులు మళ్ళీ మేలుకుంటాయి, అవి నిద్రపోయేదాకా ఇంకాసేపు ఆగి చూడాలి. 50 మిల్లీ ఆంపియర్ల లోపు ఉంటే నిశ్చింత. ఎక్కువుంటే పసుపు వైరు మీది ఫ్యూజు తీసి చూడండి, అంకె పడిపోతే కరెంటు తాగుతున్న దొంగ ఆ సెట్టేనన్నమాట. "ఫాస్ట్ బూట్" లాంటి సెట్టింగ్ ఉంటే దాన్ని ఆపాక మళ్ళీ కొలవాలి.

విప్పే పని రెండు గంటలు, కెమెరాతో కలిపి మూడు. డ్యాష్‌బోర్డు ప్యానెల్ విప్పకముందు 10 ఎంఎం స్పానర్‌తో బ్యాటరీ నెగటివ్ తీసి కొన్ని నిమిషాలు ఆగడం మొదటి మెట్టు, అది చేయని చేతికి బండి ఇవ్వొద్దు. పసుపు రంగు కప్లర్లు ఎయిర్‌బ్యాగువి, వాటిని ఎవరూ ముట్టుకోకూడదు. ముందు స్తంభాల్లో ఎయిర్‌బ్యాగు ఉన్న బండి అయితే జీపీఎస్, మైకు వైర్లు దాని వెనక నుంచి పోవాలి, ముందు నుంచి అడ్డంగా కాదు. ప్యానెల్‌ను స్క్రూడ్రైవర్‌తో ఎగదన్నితే క్లిప్పులు విరుగుతాయి, ఆ తర్వాత కంకర రోడ్డు మీద కిటకిటలాడటం బండి జీవితమంతా ఉంటుంది. ప్లాస్టిక్ పట్టీలు వాడుతున్నారో లేదో చూడండి. కంపెనీ వైరు కోయకుండా కప్లర్‌తోనే కలపాలి. కలపాల్సిన చోట టంకం, దాని మీద వేడికి ముడుచుకునే గొట్టం. నల్ల పీవీసీ టేపు వద్దు. రోహిణి కార్తెలో దాని జిగురు కరిగి టేపు ఊడి, వైర్లు బోసిగా వేలాడతాయి. గుడ్డ టేపు నిలుస్తుంది, వైర్లు గిలగిలలాడకుండా కూడా ఆపుతుంది.

వేడి ఈ కిట్ అసలు బలహీనత. మే నెలలో ఒంగోలు ఎండలో అద్దాలు మూసి నిలబెట్టిన బండి డ్యాష్‌బోర్డు చెయ్యి పెట్టనివ్వదు. సెట్టు వెనక అల్యూమినియం పలక ఉంటుంది, దానికి గాలి తగలాలి. మిగిలిన వైరు చుట్టలన్నీ ఆ పలకకు ఆనించి కుక్కితే పాట తడబడటం, టచ్ తనంతట తానే నొక్కుకోవడం, సెట్టు ఆగి మళ్ళీ మొదలవడం వరుసగా వస్తాయి. వైరు మూటను కింద గ్లవ్‌బాక్స్ వెనక్కు తోయించండి. బండి తీశాక ఏసీ కాసేపు తిరిగి లోపల చల్లబడ్డాకే స్క్రీనుకు పని చెప్పండి. 4 జీబీ సెట్టుకు ఎక్కువ డబ్బు పెట్టే కంటే వెనక చిన్న ఫ్యాను ఉన్న 2 జీబీ సెట్టు తీసుకోవడం మా లెక్కలో తెలివైన పని.

స్పీకర్ల సంగతి తొందరగా చెప్పొచ్చు. డబ్బా మీద 4 ఇంటు 60 వాట్లని ఉంటుంది, నమ్మకండి. 14.4 వోల్టుల మీద, 4 ఓమ్‌ల స్పీకర్‌కు, వేరే ఆంప్లిఫయర్ లేని సెట్టు ఇవ్వగల శుభ్రమైన శక్తి లెక్క ప్రకారమే 26 వాట్లు దాటదు. చేతికొచ్చేది 20 లోపు. కాబట్టి సెట్టు మీదే నడిపేటట్టయితే 300 వాట్ల స్పీకర్లు వృథా. స్పీకర్ వైర్లలో తెల్లవి ఎడమ ముందు, బూడిదవి కుడి ముందు, ఆకుపచ్చవి ఎడమ వెనక, ఊదావి కుడి వెనక, నల్ల గీత ఉన్నది నెగటివ్. ఒక్క స్పీకర్‌కు అటూ ఇటూ మారినా మృదంగం, తబలా అడుగు శబ్దం మాయమవుతుంది. సెట్టుకు కలపకముందు ఒకటిన్నర వోల్టు పెన్సిల్ సెల్ ప్లస్‌ను గీత లేని వైరుకు, మైనస్‌ను గీత ఉన్నదానికి తాకిస్తే స్పీకర్ కాగితం బయటికి ఉబకాలి, లోపలికి పోతే తిరగబడ్డట్టు.

మీడియం వేవ్‌కు సున్నా ఎందుకంటే, ఏఎం బటన్ ఉన్న ఆండ్రాయిడ్ సెట్లలో కూడా సొంత బోర్డు కరెంటు సప్లై చప్పుడే స్టేషన్‌ను మింగేస్తుంది. విజయవాడ 837 వినే పెద్దవాళ్ళు ఇంట్లో ఉంటే, బండిలో కంపెనీ సెట్టు అప్పటికే ఉంటే, దాన్ని తీసేయొద్దు. కొన్ని మోడళ్ళ కంపెనీ సెట్లలో డీఆర్ఎమ్ అనే డిజిటల్ మీడియం వేవ్ కూడా ఉంటుంది. ఆకాశవాణి ఆ పద్ధతిలో ప్రసారం చేస్తోంది. పెద్ద స్క్రీను మోజులో దాన్ని పీకి మూల పడేసినవాళ్ళు ఏం పోగొట్టుకున్నారో తెలియకుండానే పోగొట్టుకున్నారు.

శాటిలైట్ రేడియోకు దగ్గరగా వచ్చేది ఫోన్ డేటా మీద నడిచే రేడియో. ఆకాశవాణి ఛానెళ్ళు న్యూస్‌ఆన్‌ఎయిర్ యాప్‌లో దొరుకుతాయి. 64 కేబీపీఎస్ ప్రసారం గంటకు సుమారు 29 ఎంబీ, కాబట్టి ఒంగోలు రెండు గంటల ప్రయాణానికి 60 ఎంబీ కూడా పట్టదు. సెట్టులో సిమ్ వేసే కంటే ఫోన్ హాట్‌స్పాట్ మంచిది, వేడికి మొదట మొరాయించేది సిమ్ భాగమే. సిగ్నల్ తెగే పడమటి ఊళ్ళకు పెన్‌డ్రైవ్ ఒకటి నింపుకోండి. ఫ్యాట్32 ఫార్మాట్, 32 జీబీ లోపు అయితే ఈ సెట్లు పేచీ పెట్టవు.

షాపు పనికి మార్కులు వేయాలంటే కౌంటర్‌ను కాదు, పని చేసే కుర్రాడి పెట్టెను చూడాలి. మల్టీమీటర్, క్రింపింగ్ కటింగ్ ప్లేయర్, గుడ్డ టేపు, ప్లాస్టిక్ పట్టీలు ఉంటే 5కి 4 కళ్ళు మూసుకుని వేయొచ్చు. బల్బు టెస్టర్, బ్లేడు, నల్ల టేపు మాత్రమే ఉంటే మర్యాదగా ఇంకో షాపు చూసుకోండి. ఆదివారం సాయంత్రం, పండగ ముందు రోజు బండి ఇవ్వొద్దు, వరుసలో నాలుగు బండ్లు ఉన్నప్పుడు నీలం వైరు గుర్తుండదు. వారం మధ్యలో పొద్దున్నే వెళ్ళి, విప్పేటప్పుడు పక్కనే నిలబడండి. యాంటెన్నా అడాప్టర్, ఫెరైట్ క్లిప్పు, ఫ్యూజు ఉన్న కప్లర్ ఈ మూడూ కిట్ ధరలో ఉన్నాయా వేరేనా ముందే తేల్చుకోండి. సెట్టుకు, ఫిట్టింగ్‌కు వారంటీ వేరువేరుగా బిల్లులో రాయించుకోండి, ఎందుకంటే సెట్టు వారంటీ వైరింగ్ తప్పును మోయదు.

ఫ్రేమ్ మూసే ముందు చూడాల్సినవి: నీలం వైరులో 12 వోల్టులు, పసుపు వైరు మీద 10 లేదా 15 ఆంపియర్ల ఫ్యూజు, రివర్స్ వేస్తే కెమెరా రావడం, హెడ్‌లైట్ వేస్తే స్క్రీను మసకబారడం, హారన్, వైపర్, ఏసీ బటన్లు మునుపటిలా పనిచేయడం. తర్వాత ఆ రోజే బండిని కావలి దాకా తీసుకెళ్ళి, నెల్లూరు స్టేషన్ ఎక్కడిదాకా నిలబడిందో మైలురాయి చూసి రాసుకోండి. ఆరు నెలల తర్వాత అదే చోట మళ్ళీ వినండి. ముందుగానే తెగిపోతుంటే కప్పు మీది కడ్డీ మరలు విప్పి తుప్పు తుడిచి బిగించండి, ఎర్త్ బోల్టు ఒకసారి విప్పి గీకి మళ్ళీ వేజలీన్ పూయండి.